వెనక ఎర్రదీపం

అక్టోబరు 9, 1961. సోమవారం

డాక్టరు కామాక్షయ్య గారు మద్రాసు వెళ్లారు. శుక్రవారం దాకా రారు. కారు షెడ్డులో ఉంది, నేను కారు కింద ఉన్నాను.

ఈ డైరీ మందుల కంపెనీవాళ్లు ఆయనకిచ్చింది. ఆయన నాకిచ్చి, "మైళ్లూ పెట్రోలూ రాస్తా ఉండు జీవానందం" అన్నారు. మైళ్లూ పెట్రోలూ ఎడమ పక్క రాస్తున్నాను, నా సొంత గోల కుడి పక్క. ఆయన ఇంతవరకు తెరిచి చూడలేదు, ఇకముందూ చూడరు.

ముత్తుకూరు గాలికి ఇనుము బతకదు. పోయిన వానలకి ఎడమ మడ్గార్డు జల్లెడైపోయింది. కారుకి పద్నాలుగేళ్లు, డ్రైవరు నౌకరీలో నాకు ఇరవై. ఇద్దరిలో ముందు తుప్పు పట్టేది ఎవరో అని డాక్టరు గారు నవ్వుతుంటారు.

ఇవాళ పట్టపుపాలెం చిన్నపోలయ్య ఒక డబ్బా మోసుకొచ్చాడు. సొరచేప కార్జం కరిగించిన నూనె, అందులో దీపపు మసి, కాస్త గుగ్గిలం వేసి కాచింది. ఎండాకాలంలో వాళ్లమ్మకి ప్రాణం మీదికొస్తే కారులో నెల్లూరు చేర్చాను. అది మనసులో పెట్టుకున్నాడు. "పడవకి ఏటా రెండు పూతలేస్తామన్నా. పదేళ్లు ఉప్పునీళ్లల్లో నానినా చెక్క చెక్కలాగే ఉంటాది. నీ బండిక్కూడా పుయ్యి" అన్నాడు.

పూశాను. అడుగున, మడ్గార్డుల లోపల, రేడియేటరు పక్కన, దీపాల వెనక. ఊడదీయగలిగిన ప్రతి బోల్టూ ఊడదీసి, దాని కింద కూడా పూసి, మళ్లీ బిగించాను. ఇంకొకడైతే పైపైన రుద్ది చేతులు దులుపుకుంటాడు. నేను ఒక్క అంగుళం వదల్లేదు.

మగ్దలీనమ్మ నన్ను గడప దగ్గరే ఆపేసింది. "రేవంతా నీ చొక్కాలోనే ఉండాది. పోయి నీళ్లు పోసుకోనిరా" అంది. ఇరవై రెండేళ్ల కాపరంలో నన్ను ఇంట్లోకి రానివ్వకపోవడం ఇది రెండోసారి. మొదటిసారి సంగతి ఇక్కడ రాయను.

అక్టోబరు 13, శుక్రవారం

డాక్టరు గారు వచ్చారు. కారెక్కి ముక్కు మూసుకున్నారు. "ఇది కారా, కొరమేను బుట్టా?" అన్నారు. కిందికి వంగి చూపించాను. నల్లగా నిగనిగలాడుతోంది. "పని మటుకు బాగా చేసినావు" అన్నారు. చాలు.

నవంబరు 2, గురువారం

కాలువ తూము మీద కుదుపుకి ముందు దీపాలు ఒకసారి ఆరి వెలిగాయి. బల్బు వదులు అయ్యుంటుంది. చూడాలి.

నవంబరు 5, ఆదివారం

వాన. ఆరాధనకి పదిమందే వచ్చారు. పాట మధ్యలో పెట్రోమాక్సు ఆరిపోయింది.

నవంబరు 15, బుధవారం

నిన్న రాయలేకపోయాను. 

నిన్న నెల్లూరు నుంచి మందులు వేసుకుని వస్తున్నాం. డాక్టరు గారు వెనక సీట్లో ఉన్నారు. సాయంత్రం ఏడు కావస్తోంది, మబ్బుకి చీకటి ఇంకా చిక్కగా ఉంది. కాలువ తూము ఎక్కి దిగగానే ముందు దీపాలు ఆరిపోయాయి. పెద్దవీ చిన్నవీ నాలుగూ ఒక్కసారే. కళ్లకి గుడ్డ కట్టినట్టయింది. బ్రేకు తొక్కాను. తొక్కాను, అది నాకు గట్టిగా గుర్తుంది. కారు ఎడమకి జారింది. చప్పుడు వినబడింది.

నేను దిగేసరికి దీపాలు వాటంతట అవే వెలిగాయి, ఏమీ ఎరగనట్టు. ఆ వెలుగులో వల ఒకటి చిక్కుపడి కనబడింది. దాని కింద మనిషి. చిన్నపోలయ్య.

కుడికాలు మోకాటి కింద విరిగింది. డాక్టరు గారు అక్కడే గొడుగు కర్ర విరిచి కట్టు కట్టారు. వెనక్కి తిప్పి నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా చిన్నపోలయ్య ఒక్కటే మాట, వల ఎవరన్నా ఎత్తిపెట్టినారా అని.

ఆసుపత్రి వరండాలో డాక్టరు గారు అడిగారు. "ఏమైంది జీవానందం?"

"వైరింగయ్యా. సెప్టెంబర్లో గంగాధరం వేసిన వైరింగు" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. నోట్లోంచి అదే వచ్చింది. కానీ నిజమే కదా. సెప్టెంబర్లో జయరామయ్య గారి వర్క్‌షాపులో గంగాధరమే కదా ముందు దీపాలకి కొత్త తీగలు లాగింది. అంతకుముందు పద్నాలుగేళ్లు ఏ దీపమూ ఆరలేదు.

నవంబరు 17, శుక్రవారం

పోలీసులు రాసుకున్నారు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా ఆరాయా అని అడిగారు. లేదన్నాను.

డిసెంబరు పదకొండున బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి కారు చూస్తాడట. అప్పటిదాకా చీకటి పడ్డాక కారు తీయకూడదు. దీపాల్లో లోపం కనబడితే సరే. కనబడకపోతే డ్రైవరు ఒళ్లు మరిచి నడిపాడని రాస్తాడు, లైసెన్సు పోతుంది. నలభై ఆరేళ్లొచ్చాయి. స్టీరింగు తప్ప ఇంకేదీ పట్టుకోవడం నాకు తెలియదు.

కాబట్టి లోపం కనబడాలి. పదకొండులోగా నేనే పట్టుకోవాలి.

డాక్టరు గారు జయరామయ్య గారికి ఘాటుగా ఉత్తరం రాశారు. పోస్టు డబ్బాలో నేనే వేశాను.

నవంబరు 18, శనివారం

బల్బులు రెండూ మార్చాను. వెలుగుతున్నాయి. బానెట్టు మీద గుద్దాను. వెలుగుతున్నాయి. పాత బల్బులు మళ్లీ పెట్టాను. అవీ వెలుగుతున్నాయి.

నవంబరు 20, సోమవారం

స్విచ్చి ఊడదీశాను. లోపల శుభ్రంగా ఉంది. యాభైసార్లు వేసి ఆర్పాను. ఒక్కసారీ తప్పలేదు. జ్వరమొచ్చిన పిల్లాడు డాక్టరు ముందు ఆడుకున్నట్టు ఉంది దీని వ్యవహారం.

నవంబరు 21, మంగళవారం

దొరికింది.

కాలి దగ్గర ఉండే డిమ్ము స్విచ్చి. విప్పితే గుప్పెడు ఇసుకా ఉప్పూ రాలాయి. రాగి రేకుల నిండా పచ్చటి చిలుం. కిరసనాయిలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది బిగించాను. డాక్టరు గారికి చెప్పి, పొద్దు గూకీ గూకకముందే తూము దాకా పోయి వచ్చాను. రెండుసార్లు కుదిపాను. దీపాలు రెప్పవేయలేదు.

ఇంటికొచ్చి పాట పాడాను. మగ్దలీనమ్మ వంటింట్లోంచి చరణం అందుకుంది. చాలా రోజులైంది ఇద్దరం కలిసి పాడి. అన్నం కూడా సయించింది.

నవంబరు 22, బుధవారం

మళ్లీ తూము దాకా పోయాను. ఆరిపోయాయి.

నవంబరు 24, శుక్రవారం

గంగాధరం నెల్లూరు బస్సులో వచ్చాడు. జయరామయ్య గారు పని మానిపించారట, ఉత్తరం చేరిన రోజే.

కేకలేస్తాడనుకుని నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాను. వేయలేదు. ముప్పై ఏళ్లుంటాయేమో, సన్నటి మనిషి. చెప్పులు బయట విడిచి షెడ్డులోకి వచ్చాడు, గుళ్లోకి వచ్చినట్టు. నన్ను ఒక్కటే అడిగాడు.

"ఆరినప్పుడు నాలుగూ ఆరినాయా అన్నా?"

"నాలుగూ."

"వెనక ఎర్రదీపం ఎలగతా ఉండిందా, అదీ ఆరిందా?"

"నేను ముందుకు చూసి నడిపేవాణ్ణి. వెనక దీపం నాకెట్ట తెలస్తాది?"

"వెనక ఎవరూ లేరా?"

"డాక్టరు గారున్నారు. ఆయనేమన్నా దీపం మీద కూర్చోనున్నారా?"

నవ్వలేదు. "ఒక్కసారి బానెట్టెత్తి చూసి పోతానన్నా" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఎవరినీ ముట్టనివ్వొద్దని డాక్టరు గారు చెప్పారన్నాను. డాక్టరు గారు అలా చెప్పలేదు. కానీ అడిగితే అలాగే చెప్పేవారు.

చెప్పులేసుకుని బస్సు కోసం వెళ్లిపోయాడు. మగ్దలీనమ్మ మజ్జిగ కలిపి తెచ్చేసరికి మనిషి లేడు. ఆ మజ్జిగ నేనే తాగాను.

నవంబరు 26, ఆదివారం

ఆసుపత్రికి పోయి చిన్నపోలయ్యని చూసి వచ్చాను. కాలికి సిమెంటు కట్టు వేశారు. పండక్కి ముందే ఇంటికి పంపుతారట, కానీ ఎండాకాలం వచ్చేదాకా పడవెక్కకూడదు. ఇసక మీద పడవ ఎండిపోతోందని వాడి దిగులు. నన్ను చూసి లేవబోయాడు.

"నీదేముందన్నా. దీపాలారితే దేవుడైనా ఏం చేస్తాడు" అన్నాడు. ఆ మాటకి నాకు కళ్లనీళ్లొచ్చాయి. వాడి ముందు తుడుచుకోలేక కిటికీ వైపు తిరిగాను.

వచ్చేస్తుంటే అడిగాడు. "నూనె నిలబడిందా అన్నా? తుప్పేమన్నా పట్టిందా?"

"ఇప్పుడు నూనె సంగతి దేనికి, కాలి సంగతి చూసుకో" అన్నాను.

నవంబరు 27, సోమవారం

ఎర్రదీపం సంగతి ఎందుకు అడిగాడో.

నవంబరు 28, మంగళవారం

గంగాధరం చుట్టిన టేపంతా విప్పి తీగలు బయటికి తీశాను. ఎక్కడో ఒకచోట అతుకు సరిగ్గా పడి ఉండదు. ప్రతి అతుకూ మెలేసి, టంకం పెట్టి, మైనపు గుడ్డ చుట్టి, ఆపైన టేపు వేశాడు. పదకొండు అతుకులు. పాపిష్టివాడు, ఎంత బాగా చేశాడు.

పన్నెండోది కుడి దీపం దగ్గర ఉంది. అది వదులుగా ఉంది. లాగితే ఊడింది. కాస్త గట్టిగానే లాగాను.

అలాగే ఉంచాను. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చూపించవచ్చు.

నవంబరు 29, బుధవారం

ఒక దీపానికి పోయే అతుకు ఊడితే నాలుగు దీపాలు ఎందుకు ఆరతాయి అని ఇన్‌స్పెక్టరు అడిగితే?

అడగడేమో. వాళ్లకి చూడాల్సిన బళ్లు చాలా ఉంటాయి.

డిసెంబరు 3, ఆదివారం

నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. పాస్టరు గారు ఎప్పటిలాగే చెప్పారు. సహోదరుడికి నీమీద ఏదైనా ఉంటే ముందు వెళ్లి వాడితో సమాధానపడు, తర్వాత రా అని. ఇరవై ఏళ్లుగా వింటున్న మాటే. సహోదరుడంటే సంఘంలోవాడని అర్థం. గంగాధరం కామాక్షమ్మ తిరణాలకి పోయేవాడు.

రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చింది. పక్కాయనకి అందించాను. ఎందుకు అందించానో నాకే తెలియదు, చెయ్యి అలా పోయింది.

ఆడవాళ్ల వైపు నుంచి మగ్దలీనమ్మ చూసింది. ఇంటికొచ్చాక ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నాకు కడుపులో బాగలేదు, అందుకే తీసుకోలా" అని నేనే చెప్పాను.

"సరే" అంది.

డిసెంబరు 5, మంగళవారం

ఉప్పుబండి మాల్యాద్రి టీకొట్టు దగ్గర కనబడ్డాడు. కృష్ణపట్నం నుంచి ఉప్పు తోలేవాడు. చిన్నపోలయ్యకి ఎట్ట ఉందని అడిగి, "ఆ పొద్దు నేను మీ ఎనకనే ఉండాను" అన్నాడు.

టీ గ్లాసు కింద పెట్టేశాను. "ఎంత వెనక?"

"తూముకి అవతల. సంతకి పోయి వట్టి బండి తోలుకోనొస్తా ఉండా. మీ ముందర ఎలుతురు గబుక్కున పోయింది. బండి ఏ కాలవలోనో పడిపోయిందనుకున్నా. మళ్లా ఎనక ఎర్రదీపం కనపడింది, హమ్మయ్య అనుకున్నా."

"ముందువి ఆరినాక ఎర్రది వెలుగుతా ఉండిందా?"

"ఎలగతానే ఉండింది. అది చూసే గదా ఎద్దుల్ని నిలేసినా."

"బాగా గుర్తుందా?"

"నేనేమన్నా తాగుండానా?" అన్నాడు కోపంగా.

టీ తాగకుండా వచ్చేశాను. షెడ్డు తలుపేసుకుని బానెట్టెత్తాను.

ఇది ఇలా రాసుకుంటే గానీ నాకు నిద్ర పట్టదు. కరెంటు స్విచ్చి నుంచి ముందుకీ పోతుంది, వెనక్కీ పోతుంది. వెనకది వెలుగుతోందంటే బ్యాటరీ మంచిదే, స్విచ్చి మంచిదే. ముందు నాలుగూ ఒక్కసారే ఆరాయంటే నాలుగింటికీ ఒకటే అయినది ఏదో తెగాలి. తీగలు వేర్వేరు. ఒకటే అయినది ఒక్కటే ఉంది. దీపం దాకా కరెంటు తీగలో వస్తుంది గానీ, అక్కడినుంచి బ్యాటరీకి తిరిగి పోవడానికి తీగ ఉండదు. బండి ఇనుమే దారి. నాలుగు దీపాల ఎర్తు తీగలూ ఒక రింగుకి చేర్చి, రేడియేటరు పక్కన ఒక్క బోల్టుతో ఇనుముకి బిగించి ఉంటాయి. ఆ రింగు ఇనుముని తాకితేనే దీపం.

గంగాధరం ఒక్క ప్రశ్నతో అక్కడికి చేరాడు. నేను మూడు వారాలు కారంతా తిరిగాను. లేదు, ఆ ఒక్కచోటు తప్ప అంతా తిరిగాను.

బోల్టు విప్పాను. రింగు కింద ఇనుము లేదు. నల్లటి పొర ఉంది, ఎండి చింతగింజ పైతొక్కలాగా గట్టిపడింది. గోటితో గీకాను. వాసన చూశాను.

చేప.

డిసెంబరు 6, బుధవారం

గంగాధరం బిగించిన బోల్టుని విప్పి, కింద నూనె పూసి, మళ్లీ బిగించింది నేను. పూత పచ్చిగా ఉన్నన్నాళ్లు రింగు ఎలాగో తాకుతూ ఉండి ఉంటుంది. ఎండేకొద్దీ పొర గట్టిపడింది. కుదుపు వస్తే రింగు పైకి లేవడం, మళ్లీ ఆనడం.

అక్టోబరు తొమ్మిది కాగితం తీసి చదివాను. ఒక్క అంగుళం వదల్లేదట. నా చేతిరాతే.

గరుకు కాగితంతో తెల్లగా మెరిసేదాకా గీకేసి బిగించాను. సాయంత్రం తూము మీద ఆరుసార్లు తిప్పాను. దీపాలు చెదరలేదు. ఇంక ఎప్పటికీ ఆరవు.

ఎవరికీ తెలియదు.

డిసెంబరు 7, గురువారం

ఏమీ రాయడానికి లేదు.

చెబితే చిన్నపోలయ్యకి ఎంత బాధ. తన నూనె వల్లే తన కాలు విరిగిందని తెలిస్తే మంచంలో వాడు కుమిలిపోడూ. వాడికోసమైనా ఊరుకోవాలి. గంగాధరం పనిమంతుడు, వాడికి ఇంకోచోట దొరుకుతుంది. పనిమంతుడికి పని దొరక్కపోవడం ఎక్కడైనా ఉందా.

ఊడిన అతుకు అలాగే ఉంది. ఇన్‌స్పెక్టరు చూస్తాడు, రాసుకుంటాడు, అయిపోతుంది.

డిసెంబరు 8, శుక్రవారం

మందులకి బస్సులో నెల్లూరు పోయాను. బస్టాండు పక్కన సైకిలు షాపు ముందు గంగాధరం గొంతుక్కూర్చుని నీళ్ల తొట్టిలో ట్యూబు తిప్పుతున్నాడు. బుడగలు ఎక్కడ వస్తాయా అని చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ఎర్రదీపం సంగతి అడిగినప్పుడు అదే చూపు.

నేను బస్సు చాటుకి పోయాను. నలభై ఆరేళ్లవాణ్ణి, బస్సు చాటున నిలబడ్డాను.

ఇంటికొచ్చి మగ్దలీనమ్మకి అంతా చెప్పాను. అన్నీ విని, "ఆడలేనమ్మ మద్దెల ఓడంటే మద్దెలకి పోయేదేం లేదు. ఇక్కడ మద్దెల వాయించేవాడి కూడు పోయింది" అంది. ఆపైన, "లైసెన్సు పోతే నేను ఇడ్లీ పోస్తాలే. పొయ్యి చూసుకోవడం నీకూ వస్తాది" అంది.

రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

డిసెంబరు 9, శనివారం

డాక్టరు గారికి చెప్పాను. నూనె, బోల్టు, ఎర్రదీపం, నేను లాగి ఊడదీసిన అతుకు, ఆయన ఇవ్వని ఆజ్ఞ, అన్నీ. ఆయన స్టెతస్కోపు మెళ్లోంచి తీసి బల్లమీద పెట్టారు.

"మొన్న వాడి తప్పన్నావు. నీ మాట మీద నేను ఉత్తరం రాసినా. ఇవాళ నీ తప్పంటున్నావు. రేపు నాదంటావా?"

"లేదయ్యా."

"బోల్టేదీ, చూపించు."

చూపించాను. అద్దంలా ఉంది.

"నూనేదయ్యా ఇక్కడ? అంతా గీకేసి ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు? గంగాధరం నీ కాళ్లు పట్టుకున్నాడనుకుంటాడు ఇన్‌స్పెక్టరు. వాడి పేరట్లనే ఉంటాది, నీ లైసెన్సూ పోతాది."

నిజమే. నేను ఏదైనా శుభ్రంగా చేస్తాను కదా. సాక్ష్యం కూడా శుభ్రంగా గీకేశాను.

తర్వాత షెడ్డు మూలనుంచి చిన్నపోలయ్య డబ్బా తెచ్చాను. సగం ఉంది. డాక్టరు గారి ఎదుటే బోల్టు విప్పి, అప్పటిలాగే పూసి, అప్పటిలాగే బిగించాను. ఆ పక్కన ఊడిన అతుకుకి టంకం పెట్టి, గంగాధరం చుట్టినట్టే చుట్టాను. బానెట్టెత్తి కారుని ఎండలోకి తోశాను.

ఆయన ఎండ తగ్గాక వచ్చి, పూత ఆరిందా అని వేలితో ముట్టి చూసి పోయారు.

డిసెంబరు 10, ఆదివారం

మబ్బు పట్టింది. పూత ఆరదేమో. బోల్టు పక్కన లాంతరు పెట్టి కూర్చున్నాను.

డిసెంబరు 11, సోమవారం

బ్రేకు ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం వచ్చాడు. చొక్కా ఇస్త్రీ మడత నలగని మనిషి. డాక్టరు గారు ఆయన్ని పొద్దు గూకేదాకా ఉంచారు. గంగాధరాన్ని కూడా పిలిపించారు. నేను చెప్పాల్సింది అందరి ముందూ చెప్పాను. గంగాధరం నేల చూస్తూ విన్నాడు. ఇన్‌స్పెక్టరు నమ్మలేదు, ఆ సంగతి మొహంలో తెలిసిపోయింది.

"చూద్దాం పద" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు నా పక్కన, డాక్టరు గారూ గంగాధరమూ వెనక. దీపాలు వేశాను. తూము ఎక్కి దిగాం. ఆరలేదు. తిప్పుకుని వచ్చి మళ్లీ ఎక్కించాను, కావాలని గుంటలో దించాను. ఆరలేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు.

నెల రోజులు ఈ దీపాలు ఆరకూడదని మొక్కాను. మూడోసారి తూము దగ్గరికి వస్తుంటే, ప్రభువా ఆర్పేయి అని ప్రార్థించాను. ఎప్పుడూ దేవుణ్ణి ఇంత భయంతో ఏదీ అడగలేదు.

ఆరిపోయాయి. నాలుగూ ఒక్కసారే.

ఇన్‌స్పెక్టరు "ఆపు, ఆపు" అని డాష్‌బోర్డు పట్టుకున్నాడు. అప్పటికే ఆపేశాను. ఆ చీకట్లో వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు, నడిచిన చప్పుడు వినబడ్డాయి. గంగాధరం గొంతు వెనకనుంచి వచ్చింది.

"ఎలగతా ఉందన్నా."

అంతే అన్నాడు. నేను స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఇన్‌స్పెక్టరు ఉన్నాడని కూడా చూడలేదు.

తర్వాత టార్చి వేసి బోల్టు విప్పించి చూశాడు. వాసన కూడా చూశాడు. వైరింగులో దోషం లేదని రాశాడు. పెన్ను మూయకుండా నావైపు తిరిగాడు.

"ఆ ప్రమాదానికి ముందు ఎప్పుడైనా ఆరినాయా?"

పోలీసులు అడిగిన మాటే. డాక్టరు గారు నావైపు చూశారు.

"ఆరినాయి సార్. నవంబరు రెండున. ఒకసారి."

"తెలిసి కూడా రాత్రి బండి తీసినావా?"

"తీసినాను."

అదీ రాశాడు. ఆరునెలలు లైసెన్సు ఆపమని సిఫారసు. అక్కడే ఇచ్చేశాను. తిరుగు దారిలో కారు డాక్టరు గారు నడిపారు. గేర్లు కరకరలాడించారు. నేను వెనక సీట్లో గంగాధరం పక్కన కూర్చున్నాను. వాడు ముత్తుకూరు వచ్చాక దిగుతూ, "అతుకు బాగానే చుట్టినావన్నా" అన్నాడు.

డిసెంబరు 14, గురువారం

డాక్టరు గారు జయరామయ్య గారికి రెండో ఉత్తరం రాశారు. పోస్టులో వేయకుండా నేనే తీసుకెళ్లి చేతికిచ్చాను. ఆయన చదివి, నన్ను కింది నుంచి పైకి చూసి, సైకిలు షాపుకి మనిషిని పంపారు. ఆ మనిషి వెళ్లేదాకా ఉండి వచ్చేశాను.

డిసెంబరు 18, సోమవారం

చిన్నపోలయ్య పట్టపుపాలెం వచ్చేశాడు. నడిచి వెళ్లాను. గుడిసె ముందు మంచంలో కాలు చాపుకుని వల బాగుచేస్తున్నాడు. కూర్చోకముందే అడిగాడు.

"నూనె నిలబడిందా అన్నా?"

మూడు వారాలుగా నేను తప్పించుకుంటున్న ప్రశ్న. చెప్పేశాను. నువ్విచ్చిన నూనె ఎర్తు బోల్టు కింద పూశాను, అందుకే దీపాలారాయి, అందుకే నీ కాలు. నవంబరు రెండున ఒకసారి ఆరితే చూసుకోలేదు, అదీ చెప్పాను.

వాడి చేతిలో వల ఆగింది. కుమిలిపోతాడనుకున్నాను. నీదేముందన్నా అంటాడని కూడా లోపల్లోపల అనుకున్నాను, దాచడం దేనికి.

"మాది చెక్కన్నా" అన్నాడు చివరికి. "చెక్కకి యాడ పూసినా ఒకటే. ఇనప బండికి యాడ పుయ్యాల్నో యాడ పుయ్యకూడదో నాకేం తెలుసు? నీకు తెలియాల."

"నాకు తెలియాల" అన్నాను.

మళ్లీ వల మీదికి వంగాడు. నేను లేవలేక కూర్చున్నాను. ఎండ మంచం మీదికి వచ్చింది. వల మీంచి తలెత్తకుండానే అడిగాడు.

"డబ్బాలో ఏమన్నా మిగిలిందా?"

"సగం ఉంది."

"పడవ ఇసక మీద నెర్రెలిస్తా ఉంది. నేను లేవలేను."

డిసెంబరు 20, బుధవారం

పొద్దున్నే డబ్బా తీసుకుని వెళ్లాను. మధ్యాహ్నం దాకా పూశాను. అడుగున, పక్కలకి, చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లో. చిన్నపోలయ్య మంచంలోంచి అక్కడ వదిలినావు, ఇక్కడ వదిలినావు అని చెబుతూనే ఉన్నాడు. చెప్పిన చోటల్లా మళ్లీ పూశాను. ఒక్క అంగుళం వదల్లేదు.